కట్లపాముకు తెలిసిన జీవరసాయనం

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివే ఎవరినైనా, కణం తనలోని రసాయనాన్ని బయటికి ఎలా వదులుతుందని అడగండి. తడుముకోకుండా చెబుతారు. రసాయనం నింపుకున్న వెసికిల్, అంటే బుల్లి సంచి, కణత్వచం దగ్గరికి వస్తుంది. స్నేర్ ప్రోటీన్లు పెనవేసుకుని సంచిని త్వచానికి బిగిస్తాయి. కాల్షియం లోపలికి రాగానే సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ పసిగడుతుంది. సంచి మూతి తెరుచుకుని లోపలి సరుకు బయట పడుతుంది. మరి ఆ సంచి, ఆ త్వచం దేనితో తయారైనవి? లిపిడ్లతో. ఈ వ్యవహారంలో లిపిడ్ల పనేమిటి? అక్కడ జవాబు ఆగిపోతుంది. మహా అయితే, ప్రోటీన్లు నిలబడటానికి చోటివ్వడం అంటారు.

తప్పు విద్యార్థిది కాదు. పాఠం అలాగే చెబుతున్నారు, పుస్తకం అలాగే రాస్తున్నారు, పరిశోధనకు డబ్బు అడిగే దరఖాస్తుల్లో కూడా అదే ధోరణి. స్రావం ప్రోటీన్ల పని, లిపిడ్ పొర ఉత్త వేదిక అన్న ఈ అభిప్రాయం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ అభిప్రాయానికి దక్కవలసిన న్యాయం దక్కనిద్దాం. అది గాలిలోంచి పుట్టలేదు. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనాలో లిపిడ్లు ద్రవం, ప్రోటీన్లు అందులో తేలే పనిముట్లు. 1992లో ధనుర్వాత విషం, బోటులినం బి విషం సినాప్టోబ్రెవిన్ అనే ఒకే స్నేర్ ప్రోటీన్‌ను కోసి నాడుల నుంచి విడుదలను ఆపుతాయని తేలింది. మరుసటి ఏడాది రోత్‌మన్ బృందం స్నేర్ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. 1998లో అదే బృందం కృత్రిమ లిపిడ్ బుడగల్లో స్నేర్ ప్రోటీన్లను మాత్రమే పొదిగి, ఆ బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం చూపించింది. 2013లో రోత్‌మన్, షెక్‌మన్, సూడాఫ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. దానికి వాళ్ళు నూటికి నూరుపాళ్ళూ అర్హులు.

ఈ సాక్ష్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. స్నేర్లు లేకుండా నాడి సంకేతం పంపలేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. తేడా వచ్చిందల్లా సాక్ష్యం నుంచి తీర్పుకు దూకిన చోట. ప్రోటీన్లు తప్పనిసరి అని రుజువైంది. దాన్ని ప్రోటీన్లు ఉంటే చాలు అని చదువుకున్నారు. ఆ తర్వాత లిపిడ్లతో పని లేదు అనేశారు. ఈ మూడూ ఒకటి కావు.

మొదటి వాదం: లిపిడ్లు ఉత్త గోడ

గోడే అనుకుందాం. తిన్నగా సాగే గోడ కట్టే మేస్త్రీకి ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉంటే చాలు. గుండ్రటి బావికి లోపలి గోడ లేపమంటే మాత్రం ఇటుకను ఒకవైపు సన్నగా చెక్కాలి. ఆ చెక్కుడును బట్టే వంపు వస్తుంది. లిపిడ్ల సంగతీ అంతే. ఫాస్ఫటిడైల్‌కోలిన్‌లో తల వెడల్పూ తోకల వెడల్పూ ఇంచుమించు సమానం, కాబట్టి అది నిటారు స్తంభంలా సర్దుకుంటుంది. ఫాస్ఫటిడైల్‌ఇథనాలమీన్‌కు తల చిన్నది, తోకల వైపు వెడల్పు. లైసోఫాస్ఫటిడైల్‌కోలిన్‌కు రెండు తోకల్లో ఒకటి ఊడిపోయి ఉంటుంది, అందుకని దానికి తల వైపే వెడల్పు. పొర చదునుగా ఉన్నంతసేపూ ఈ తేడాలు లెక్కలోకి రావు. పొర వంగవలసి వచ్చినప్పుడు లెక్కంతా వీటిదే.

స్రావం జరిగేటప్పుడు పొర వంగక తప్పదు. సంచికీ కణత్వచానికీ చెరో రెండు వరుసల లిపిడ్ పొర ఉంటుంది. మొదట ఎదురెదురుగా ఉన్న వరుసలు రెండూ అతుక్కుని సన్నని కాడలా ఏర్పడతాయి. అవతలి వరుసలు ఇంకా విడిగానే ఉంటాయి. ఆపైన అవి కూడా తెగి కలిస్తే కొద్ది నానోమీటర్ల రంధ్రం తెరుచుకుంటుంది. ఆ రంధ్రం పెద్దదైతే సరుకంతా పోతుంది, మళ్ళీ మూసుకుంటే కొంతే పోతుంది. ఈ దశల్లో ప్రతి ఒక్కదానిలోనూ చోటు మారుతున్నది, వంగుతున్నది, తెగి అతుక్కుంటున్నది లిపిడే. కొజ్లోవ్, మార్కిన్ 1983లోనే ఈ కాడకు లెక్కలు కట్టారు.

లెక్కలు కాగితం మీదివి అంటారా? 1993లో చెర్నోమోర్డిక్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం చూడండి. త్వచాలు కలిసే మూడు వేర్వేరు సందర్భాలను తీసుకున్నారు. ఒకటి కాల్షియంతో నడిచేది, ఒకటి జీటీపీతో, మూడోది ఆమ్లత్వంతో. మూడింటిలోనూ ప్రోటీన్ యంత్రాంగం వేరు. లైసోలిపిడ్లను చేరిస్తే మూడూ ఆగిపోయాయి, కడిగేస్తే మళ్ళీ నడిచాయి. మూడు వేర్వేరు యంత్రాలు ఒకే మందుకు ఆగిపోతే, ఆ మందు మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం మీద పనిచేస్తోందని అర్థం. ఇక్కడ ఉమ్మడిగా ఉన్నది లిపిడ్ పొర ఒక్కటే.

ఇక బతికున్న కణం దగ్గరికి వద్దాం. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న కొలత ఇది. కొద్ది మైక్రాన్ల మందం ఉన్న కార్బన్ పోగును ఎలక్ట్రోడ్‌గా చేసి కణం ఒంటికి ఆనించి పెడతారు. కణం వదిలిన ఎడ్రినలిన్ గానీ డోపమీన్ గానీ పోగును తాకగానే ఆక్సీకరణ చెంది, అణువుకు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. తెర మీద ఒక ముల్లు లేస్తుంది. ఒక ముల్లు అంటే ఒక సంచి ఖాళీ కావడం. ముల్లు కింద వైశాల్యాన్ని బట్టి ఎన్ని అణువులు బయటపడ్డాయో, లేచిన వాలును బట్టి రంధ్రం ఎంత వేగంగా విచ్చుకుందో చెప్పవచ్చు. కొన్ని ముళ్ళకు ముందు చిన్న పాదం లాంటి మెట్టు కనిపిస్తుంది. అది రంధ్రం ఇంకా ఇరుకుగా ఉన్నప్పుడు కారిన సరుకు. 1990 ప్రాంతంలో వైట్‌మన్ ప్రయోగశాల మొదలుపెట్టిన ఈ పద్ధతితో ఎడ్రినల్ గ్రంథిలోని క్రోమాఫిన్ కణాల గుట్టు చాలావరకు బయటపడింది.

2007లో ఆండ్రూ యూయింగ్ బృందం ఇదే పోగును పీసీ12 కణాలకు ఆనించింది. ఇవి ఎలుక ఎడ్రినల్ గ్రంథి కణితి నుంచి తెచ్చి పెంచే కణాలు. వాటికి ఒక్కో రకం లిపిడ్‌ను విడివిడిగా అందించి చూశారు. ఫాస్ఫటిడైల్‌కోలిన్ ఇచ్చిన కణాల్లో విడుదల నెమ్మదించింది, ఒక్కో ముల్లుకు బయటపడే సరుకూ తగ్గింది. సంచులు చిన్నవయ్యాయేమో అనుకుంటే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అవి మామూలు వాటికన్నా సగం మేర పెద్దవిగా కనిపించాయి. ఫాస్ఫటిడైల్‌ఇథనాలమీన్ ఇస్తే విడుదల వేగం పుంజుకుంది. స్ఫింగోమైలిన్ ఇస్తే ముల్లు లేవడం మాత్రమే ఆలస్యమైంది, మొత్తం సరుకు తగ్గలేదు. ఫాస్ఫటిడైల్‌సెరీన్ ఇస్తే ముళ్ళ సంఖ్య 1.7 రెట్లయింది. నాలుగు లిపిడ్లు, నాలుగు రకాల మార్పులు. ఉత్త గోడ ఇలా ప్రవర్తించదు.

రెండో వాదం: బుడగల్లో స్నేర్లు ఒక్కటే సరిపోయాయి కదా

1998 ప్రయోగం గురించి చెప్పేటప్పుడు, స్నేర్ ప్రోటీన్లు తప్ప ఇంకేమీ లేకుండానే కలయిక జరిగిందంటారు. ఆ ఇంకేమీలో బుడగను ఎందుకు లెక్కపెట్టరో నాకు అంతుబట్టదు. అవి ఫాస్ఫటిడైల్‌కోలిన్, ఫాస్ఫటిడైల్‌సెరీన్ తగుపాళ్ళలో కలిపి, చూసి చూసి చేసిన బుడగలు. పాళ్ళు మారిస్తే ఫలితం మారుతుందని ఈ ప్రయోగాలు చేసేవాళ్ళందరికీ తెలుసు. తెలిసిన విషయాన్ని పద్ధతుల విభాగంలో ఒక పంక్తిలో రాసేసి ముందుకు పోతారు.

పైగా ఆ కలయికకు పట్టిన సమయం పదుల నిమిషాలు. కాల్షియం వచ్చాక నాడి చివర సంచి తెరుచుకోవడానికి మిల్లీసెకను కూడా అక్కర్లేదు. తర్వాతి ఏళ్ళలో మరికొన్ని ప్రోటీన్లు చేర్చి వేగం పెంచారు, నిజమే. ఆ చేర్చిన వాటిలో ముఖ్యమైన సినాప్టోటాగ్మిన్ రుణావేశమున్న లిపిడ్లు లేని పొరను కాల్షియం వచ్చినా పట్టుకోదు.

సంఖ్యలు కూడా చూద్దాం. 2006లో టకమోరి, యాన్ బృందం ఎలుక మెదడులోని సినాప్టిక్ సంచిని విప్పి అణువులు లెక్కపెట్టింది. బరువులో ప్రోటీన్లదే పైచేయి అని ఒప్పుకోవాలి. సినాప్టోబ్రెవిన్ అణువులు ఒక్కో సంచిలో 70 దాకా ఉన్నాయి. ఫాస్ఫోలిపిడ్లు సుమారు 7,000, కొలెస్టరాల్ అణువులు 5,000 పైచిలుకు. ఆ 70లో రెండు మూడు స్నేర్ జట్లు కలిస్తే వేగంగా తెరుచుకోవడానికి సరిపోతుందని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. మరి కణం అంత కొలెస్టరాల్‌ను ఎందుకు పోగేసుకుంది? స్నేర్ పాఠంలో ఈ ప్రశ్నే రాదు.

మూడో వాదం: విషాలు ప్రోటీన్లను కోస్తాయి, విడుదల ఆగుతుంది

ప్రోటీన్ పక్షం వారి బ్రహ్మాస్త్రం ఇదే. బోటులినం స్నేర్‌ను కోసింది, విడుదల ఆగింది, కనుక విడుదల స్నేర్ల పని. సరే, ఈ తర్కాన్ని ఒప్పుకుందాం. ఒప్పుకున్నాక దాన్ని మరో విషానికి కూడా వర్తింపజేయాలి.

కట్లపాము తెలుగు పల్లెలకు కొత్త కాదు. వానాకాలపు రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. కాటు సంగతి చాలామందికి తెలియనే తెలియదు. నొప్పి, వాపు దాదాపు ఉండవు, కోరల గుర్తులు వెతికినా దొరకవు. తెల్లవారేసరికి కడుపునొప్పి మొదలవుతుంది. రెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆడదు. నాగుపాము కాటులోనూ పక్షవాతమే వస్తుంది, కానీ దారి వేరు. నాగుపాము విషం కండరం వైపున్న గ్రాహకాలను మూసేస్తుంది. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తో నాడి వదిలే ఎసిటైల్‌కోలిన్‌ను కాసేపు నిలబెడితే చాలాసార్లు రెప్పలు లేస్తాయి. కట్లపాము కాటుకు అదే ఇంజెక్షన్ సాధారణంగా పనిచెయ్యదు. నిలబెట్టడానికి నాడి ఎసిటైల్‌కోలిన్‌ను వదిలితే కదా! దెబ్బ తగిలింది వదిలే చోటే. యాంటీవెనమ్ రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది, అప్పటికే పాడైన నాడి చివరలను బాగుచెయ్యలేదు. అందుకే ఆ రోగి రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండవలసి వస్తుంది.

ఆ విషంలో నాడి చివరను దెబ్బతీసేది బీటా బంగరోటాక్సిన్ కోవకు చెందిన ఫాస్ఫోలైపేజ్ ఏ2. అది స్నేర్లను కోయదు, ఫాస్ఫోలిపిడ్ తోకల్లో ఒకదాన్ని తెంచుతుంది. తెగగా మిగిలేవి రెండు ముక్కలు: ఒక లైసోఫాస్ఫోలిపిడ్, ఒక కొవ్వు ఆమ్లం. 2005లో ఇటలీలోని పదువా బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. పాము విషాన్ని పూర్తిగా పక్కన పెట్టి, ఆ రెండు ముక్కలను మాత్రమే సమపాళ్ళలో కలిపి నాడులకు ఇచ్చింది. నాడి చివరలు విషం తగిలినట్టే ఉబ్బాయి, సంచులు ఎడాపెడా ఖాళీ అయ్యాయి, నాడీ కండర సంధి స్తంభించింది. లైసోలిపిడ్ బయటి వరుసలోనే నిలిచిపోతుంది, కొవ్వు ఆమ్లం లోపలి వరుసకు కూడా జారుకుంటుంది. ఒకటి ఒకవైపు వెడల్పు, రెండోది మరోవైపు వెడల్పు. ఆ అమరిక రంధ్రం తెరుచుకోవడానికి సాయపడుతుంది, ఖాళీ అయిన సంచి తిరిగి ఊడి లోపలికి రాకుండా అడ్డుపడుతుంది. నిల్వంతా ఒక్కసారి కారిపోయాక నాడి దగ్గర వదలడానికి ఏమీ మిగలదు.

ఇది నియంత్రణ కాదు, విధ్వంసం అని వెంటనే అడ్డు తగులుతారు. పూర్తి విషం విషయంలో చివరికి జరిగేది విధ్వంసమే. కానీ లైసోలిపిడ్లతో వచ్చిన పక్షవాతం వాటిని కడిగి తీసేస్తే తగ్గిపోతుందని అదే బృందం 2006లో చూపించింది. కడిగితే వదిలిపోయేదాన్ని విధ్వంసం అనలేం.

ఈ 2005 పత్రం మీద ఉన్న పేర్లలో మోంటెకూకో, స్కియావో ఉన్నాయి. 1992లో ధనుర్వాత విషం సినాప్టోబ్రెవిన్‌ను కోస్తుందని లోకానికి చెప్పిన పత్రం మీద ఉన్నవీ ఈ పేర్లే. వాళ్ళు రెండు రుజువులూ ఇచ్చారు. మన పుస్తకాలు మొదటిది తీసుకుని రెండోదాన్ని వదిలేశాయి.

నాలుగో వాదం: ఇదంతా బయటి నుంచి పోసిన లిపిడ్ల గారడీ

ఈ అభ్యంతరంలో కొంత బలం ఉంది, తీసిపారెయ్యను. గిన్నెలోని కణాలకు లిపిడ్‌ను గుమ్మరిస్తే వచ్చిన మార్పు ఒంట్లో జరిగేదేనని నమ్మకమేమిటి? దీనికి తోడుగా మరో మాట అంటారు: ప్రోటీన్‌కు జన్యువు ఉంటుంది, తీసేసి చూడవచ్చు, లిపిడ్‌కు జన్యువు లేదు, కాబట్టి అది నిర్దిష్టమైన పని చెయ్యలేదు అని.

రెండో మాట ముందు తేల్చేద్దాం. లిపిడ్‌కు నేరుగా జన్యువు లేకపోవచ్చు, దాన్ని తయారుచేసే ఎంజైములకు, మోసుకెళ్ళే ప్రోటీన్లకు ఉన్నాయి. వాటిని తీసేసి చూశారు కూడా. పొడవాటి బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలను తయారుచేసుకోలేని ఫ్యాట్-3 ఉత్పరివర్తిత సీ. ఎలిగెన్స్ పురుగులు నాడుల నుంచి మామూలుకన్నా తక్కువ రసాయనం వదులుతాయని 2003లో తేలింది. పెద్దయ్యాక ఆ కొవ్వు ఆమ్లాలను మేతలో కలిపి పెట్టినా లోపం సర్దుకుంది. ఎలుకల నాడి చివరల్లో పీఐపీ2 అనే లిపిడ్‌ను తయారుచేసే ఎంజైమ్ జన్యువును తీసేస్తే పిల్లలు పుట్టిన కొద్దికాలానికే చనిపోయాయి, ఇది 2004 నాటి మాట. 2007లో వాంకూవర్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఇన్సులిన్ వదిలే బీటా కణాల్లో మాత్రమే ఏబీసీఏ1 జన్యువును తొలగించారు. కొలెస్టరాల్‌ను బయటికి పంపడం దాని పని. బీటా కణాల్లో కొలెస్టరాల్ పేరుకుంది, ఇన్సులిన్ విడుదల కుంటుపడింది. ఒళ్ళు ఇన్సులిన్‌కు స్పందించడంలో తేడా లేదు, లోపమంతా వదలడంలోనే. కొలెస్టరాల్‌ను బాగా తగ్గించినా స్రావం దెబ్బతింటుందని వేరే ప్రయోగాలు చెబుతున్నాయి. ఎక్కువైనా తక్కువైనా చెడేదాన్ని నిర్దిష్టమైన పని లేనిదని ఎలా అంటాం?

ఇక బయటి నుంచి పొయ్యడం గురించి. క్రోమాఫిన్ కణాల్లోనే పీఐపీ2 మోతాదును కణం సొంత ఎంజైములతో పెంచీ తగ్గించీ 2005లో చూశారు. పెంచితే విడుదలకు సిద్ధంగా ఉన్న సంచుల నిల్వ పెరిగింది, తగ్గిస్తే తరిగింది. ఇవేవీ నిన్న మొన్నటి సంగతులు కూడా కావు. 1953లో హోకిన్ దంపతులు పావురం క్లోమం ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ ఇస్తే ఎంజైమ్ స్రావంతో పాటు ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక ఫాస్ఫేట్ జోరుగా చేరడం గమనించారు. స్రావం జరుగుతుంటే పొర మారుతోందన్న ఆ కబురు స్నేర్ల కన్నా నలభై ఏళ్ళు ముందుది.

అయిదో వాదం: ఏం చేసినా ప్రోటీన్ల ద్వారానే కదా

మొదటి నాలుగూ పడిపోయాక మిగిలే చివరి ఆశ్రయం ఇది. పీఐపీ2 పనిచేసేది సినాప్టోటాగ్మిన్‌ను పట్టుకుని, డైఎసైల్‌గ్లిజరాల్ అనే లిపిడ్ పనిచేసేది మంక్13 అనే ప్రోటీన్‌ను పట్టుకుని. కాబట్టి అసలు కర్త ప్రోటీనే అంటారు.

మంక్13 మాట వచ్చింది కనుక చెప్పాలి. డైఎసైల్‌గ్లిజరాల్‌ను అనుకరించే ఫోర్బాల్ ఎస్టర్ ఇస్తే నాడి నుంచి విడుదల పెరుగుతుంది. ఆ గొప్ప చాలా ఏళ్ళు ప్రోటీన్ కైనేజ్ సీకి కట్టబెట్టారు. 2002లో మంక్13లో డైఎసైల్‌గ్లిజరాల్ పట్టుకునే చోట ఒక్క అమైనో ఆమ్లం మార్చిన ఎలుకల నాడుల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. అంటే సంచిని సిద్ధంచేసే ప్రోటీన్ నేరుగా పొరలోని లిపిడ్ కబురు వింటోంది.

సరే, ప్రోటీన్ ద్వారానే అనుకుందాం. కాల్షియం పనిచేసేది కూడా ప్రోటీన్ ద్వారానే. సినాప్టోటాగ్మిన్ లేకపోతే నాడి చివర కాల్షియం ఎంత ఉన్నా ఆ వేగం రాదు. అలాగని కాల్షియాన్ని ఉత్త వేదిక అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? దాన్ని మీట అంటారు, ఆజ్ఞ అంటారు. కాల్షియానికి ఒక న్యాయం, లిపిడ్‌కు ఒక న్యాయం ఏమిటి? పైగా కాల్షియం ఏనాడూ తనే వంగి తనే తెగి రంధ్రం కాలేదు. లిపిడ్ ఆ రెండు పనులూ చేస్తుంది: ప్రోటీన్‌కు కబురందిస్తుంది, ప్రోటీన్ లాగినప్పుడు వంగేదీ తెగేదీ తనే.

నా పక్షం ఏమిటో తేటగా చెబుతాను. ఎప్పుడు వదలాలన్నది ప్రోటీన్లు, కాల్షియం కలిసి తేలుస్తాయి. వదలడం అనే పని జరిగేది లిపిడ్‌లో. ఎంత వేగంగా, ఎంత మేర, ఎన్ని సంచులు అన్నదానిలో పొర కూర్పుకు సొంత వాటా ఉంది. కార్బన్ పోగు ఆ వాటాను అంకెల్లో చూపించింది.

ఈ పొరపాటు పుస్తకాలతో ఆగిపోలేదు. ప్రయోగశాలలో కణాలను పశువుల సీరంలో పెంచుతారు. సీరంలోని కొవ్వులు ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోలా ఉంటాయి, కణత్వచం ఆ కొవ్వులనే కొంతవరకు తనలో కలుపుకుంటుంది. ఒక ప్రయోగశాలలో వచ్చిన విడుదల వేగం మరోచోట రాకపోతే జన్యువును అనుమానిస్తారు, ప్రోటీన్‌ను అనుమానిస్తారు. సీరం సీసా వైపు చూసేవాళ్ళు తక్కువ. కట్లపాము కాటుకు నాడి చివరను కాపాడే మందు వెతకాలన్నా లిపిడ్‌ను తెంచే ఎంజైమ్ మీద గురిపెట్టాలి. ఇప్పుడు కొందరు అదే చేస్తున్నారు. ఇంకోవైపు, లిపిడ్‌ను పండితులు వదిలేసిన ఖాళీలోకి వ్యాపారులు దూరారు. ఫాస్ఫటిడైల్‌సెరీన్ బిళ్ళలు జ్ఞాపకశక్తికని అమ్ముతున్నారు. గిన్నెలోని ఎలుక కణితి కణాల్లో ముళ్ళ సంఖ్య పెరగడం వేరు, మనిషి మింగిన బిళ్ళ మెదడులో పనిచెయ్యడం వేరు. నా వాదాన్ని ఆ డబ్బా మీద అచ్చువెయ్యవద్దని మనవి.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళకు ఒక విజ్ఞప్తి. కణత్వచం బొమ్మ తీయండి. మన ఇంటర్ పుస్తకంలోనైనా, విదేశీ ప్రచురణకర్త వేసిన వెయ్యి పేజీల గ్రంథంలోనైనా, లిపిడ్లన్నీ ఒకే గుండ్రటి తల, రెండేసి కాళ్ళతో ఒకదానికొకటి అచ్చు దిగినట్టు ఉంటాయి. ప్రోటీన్లకు మాత్రం రకరకాల ఆకారాలు, రకరకాల రంగులు. తర్వాతి ముద్రణలో ఆ వరుసలో మూడు ఆకారాలైనా గీయించండి: తల చిన్నది ఒకటి, తోక ఒక్కటే ఉన్నది ఒకటి, నిటారుది ఒకటి. సంచి తెరుచుకునే బొమ్మలో ఏది ఎక్కడుందో గుర్తు పెట్టండి. దాని కింద ఒక మార్కు ప్రశ్న ఒకటి వేస్తే విద్యార్థులు మిగతాది వాళ్ళే అడుగుతారు.